హెపటైటిస్‌-బి రోగుల్లో లివర్ క్యాన్సర్: రక్తపరీక్ష ముందే పసిగట్టగలదా?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు చాలామందికి ఒంట్లో హెపటైటిస్‌-బి ఉన్న సంగతి గల్ఫ్ మెడికల్‌లో బయటపడుతుంది. ఏజెంటుకు డబ్బు కట్టి, టికెట్ కోసం ఎదురుచూస్తున్న మనిషి కాగితం మీద హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అని రాసి ‘అన్‌ఫిట్’ ముద్ర వేస్తారు. మిగతాచోట్ల ఆ కబురు మోసుకొచ్చేది రక్తదాన శిబిరమో, గర్భిణికి చేసే పరీక్షలో, హెర్నియా ఆపరేషన్‌కు ముందు చేయించే పరీక్షలో. మనిషికి నలత ఉండదు, ఆకలి మందగించదు, కళ్లు పచ్చబడవు. కామెర్లే లేనప్పుడు జబ్బేమిటని కొందరు ఊరుకుంటారు. కొందరు పసరు మందుకు వెళ్తారు. పెళ్లి సంబంధాలు చెడతాయని ఇంకొందరు రిపోర్టును బీరువాలో దాచేస్తారు. డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లు మాత్రం ఒక చిక్కు ప్రశ్న ముందు నిలబడతారు. ఈ వైరస్ ఉన్నవాళ్లలో కొందరికి ఏళ్ల తర్వాత లివర్ క్యాన్సర్ వస్తుంది. ఎవరికి, ఎప్పుడు అన్నది వాళ్ల రక్తంలోనే ముందుగా కనిపించే వీలుందా?

ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో దీర్ఘకాలిక హెపటైటిస్‌-బి ఉన్నవారు ప్రపంచంలో 25.4 కోట్ల మంది. అందులో మన దేశంలోనే దాదాపు 2.98 కోట్ల మంది ఉన్నారు. ప్రపంచం మొత్తం మీద తమకా జబ్బు ఉందని తెలిసినవారు 13 శాతం, మందు అందుతున్నవారు 3 శాతం. అదే ఏడాది లివర్ క్యాన్సర్ 8.66 లక్షల మందికి కొత్తగా బయటపడితే, దానితో చనిపోయినవారు 7.58 లక్షలు. ఈ రెండు అంకెలు ఇంత దగ్గరగా ఉన్నాయంటే, జబ్బు బయటపడేసరికే చాలామందికి చేయి దాటిపోతోందన్నమాట.

వైరస్‌కూ క్యాన్సర్‌కూ ఉన్న లంకెను అనుమానానికి తావులేకుండా చూపించింది తైవాన్. అక్కడ 22,707 మంది ప్రభుత్వోద్యోగులను, అందరూ మగవాళ్లే, కొన్నేళ్లు వెంబడించి చూసిన బీస్లీ బృందం 1981లో ‘లాన్సెట్’లో ఫలితాలు ప్రచురించింది. వైరస్ ఉన్నవారికి లివర్ క్యాన్సర్ వచ్చే ముప్పు లేనివారికంటే 223 రెట్లు ఎక్కువని తేలింది. పొగాకుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ మధ్య కూడా అంత పెద్ద అంకె కనిపించదు.

ముందే పట్టుకుంటే ఏమిటి లాభమంటే, లాభం పెద్దదే. గడ్డ ఒక్కటే ఉండి 2 సెంటీమీటర్ల లోపు ఉన్నా, మూడుకు మించకుండా ఒక్కొక్కటి 3 సెంటీమీటర్ల లోపు ఉన్నా కోసి తీసేయవచ్చు, సూది గుచ్చి కాల్చేయవచ్చు, లివర్ మార్చవచ్చు. అలాంటివారిలో పదిమందికి ఏడుగురు అయిదేళ్ల తర్వాత కూడా బతికి ఉంటారు. నొప్పి, కడుపులో నీరు, బరువు తగ్గడం మొదలయ్యాక వచ్చినవారి విషయంలో లెక్క నెలల్లోకి దిగిపోతుంది. ఈ గడ్డ పరిమాణం రెట్టింపు కావడానికి మామూలుగా నాలుగైదు నెలలు పడుతుంది. ఆరు నెలలకోసారి పరీక్ష అనే నియమానికి ఆధారం ఇదే.

ఆ పరీక్షగా ఇప్పుడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది పొట్ట స్కానింగ్, దానికి తోడు ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష. స్కానింగ్ నొప్పిలేనిది, చవకైనది. కానీ అది చేసే చేతిని బట్టి ఉంటుంది. గట్టిపడి గరుకుగా మారిన లివర్‌లో సెంటీమీటరు గడ్డను పోల్చుకోవడం అందరివల్లా కాదు. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్న మనిషిలో మరీ కష్టం. అలా గట్టిపడిన లివర్, అంటే సిర్రోసిస్ ఉన్నవారి మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2018లో లెక్కవేస్తే, తొలిదశ క్యాన్సర్లలో స్కానింగ్ ఒక్కటే పట్టినవి 47 శాతం, ఏఎఫ్‌పీని జతచేస్తే 63 శాతం అని తేలింది. సగానికి సగం జారిపోతున్నాయి కనకే, రక్తంలో ఇంకా మంచి ఆనవాలు దొరుకుతుందా అన్న వెతుకులాట నలభై ఏళ్లుగా ఆగలేదు.

ఏఎఫ్‌పీ అంటే ఆల్ఫా ఫీటోప్రొటీన్. గర్భంలోని శిశువు లివర్ తయారుచేసుకునే ప్రొటీన్ ఇది. పుట్టాక ఏడాదిలోపు దాదాపు మాయమవుతుంది. 1963లో మాస్కోలోని గమలేయా సంస్థలో (స్పుత్నిక్‌-వి టీకాతో మనకు పరిచయమైన సంస్థే) గారీ ఆబెలెవ్ బృందం లివర్ క్యాన్సర్ ఉన్న ఎలుకల్లో ఇది తిరిగి కనిపించడం గమనించింది. మరుసటి ఏడాది యూరీ తతారినోవ్ మనుషుల రక్తంలో చూపించాడు. పెద్దయ్యాక మరిచిపోవాల్సిన పనిని క్యాన్సర్ కణం మళ్లీ మొదలుపెడుతుందన్నమాట. అరవై ఏళ్లు గడిచినా దీన్ని పూర్తిగా పక్కకు నెట్టగల పరీక్ష రాలేదు. అలాగని ఇది గొప్ప పరీక్షా కాదు. మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు అనే గీత పెట్టుకుంటే పదిలో ఆరు క్యాన్సర్లు పైన తేలతాయి. గీతను 200కు పెంచితే నాలుగైదింట ఒకటి మాత్రమే చిక్కుతుంది. కొన్ని క్యాన్సర్లయితే చివరిదాకా ఈ ప్రొటీన్ జోలికే పోవు.

హెపటైటిస్‌-బి రోగుల విషయంలో దీనికి ఇంకో మెలిక ఉంది. ఒక రిపోర్టు ఊహించుకుందాం. మనిషికి నలభై ఎనిమిదేళ్లు, ఏఎఫ్‌పీ 64. ల్యాబువాళ్లు ఆ అంకెను బోల్డులో అచ్చేసి పక్కన ‘హై’ అని పెట్టారు. ఇంటర్నెట్‌లో వెతికిన కొడుకు అన్నం మానేశాడు. అదే కాగితం మీద నాలుగు వరసల పైన, లివర్ కణాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్ అయిన ఏఎల్‌టీ 410 అని ఉంది, దాని మీదికి ఎవరి చూపూ పోలేదు. వైరస్ ఒక్కసారిగా విజృంభించి లివర్ కణాలు చచ్చిపోతున్నప్పుడు వాటి స్థానంలో కొత్త కణాలు పుట్టుకొస్తాయి. పుడుతున్న ఆ కణాలు కూడా కొంతకాలం ఏఎఫ్‌పీని వదులుతాయి. స్కానింగ్ తప్పకుండా చేయించాల్సిందే. కానీ వైరస్‌ను అణిచే టెనోఫోవిర్ మందు మొదలుపెట్టి కొన్ని నెలలు చూస్తే, ఏఎల్‌టీ దిగుతున్నకొద్దీ ఏఎఫ్‌పీ కూడా దిగివస్తే అది వాపు తాలూకు గోలే. ఏఎల్‌టీ మామూలుకు వచ్చాక కూడా ఏఎఫ్‌పీ దిగనంటే మాత్రం సీటీయో ఎంఆర్‌ఐయో ఆలస్యం చేయకూడదు.

ఇప్పుడు ఇంకొకరి కాగితాలు. అయిదేళ్లుగా రోజూ మందు వేసుకుంటున్నాడు, రక్తంలో వైరస్ జాడే లేదు, ఏఎల్‌టీ 24. ఏఎఫ్‌పీ ఒకసారి 5, ఆరు నెలలకు 9, ఆ తర్వాత 14. ఒక్కసారీ 20 దాటలేదు కదా అని ఫైలు మూసేస్తారు. నన్నడిగితే మొదటి మనిషికంటే ఇతని గురించే ఎక్కువ కంగారు పడాలి. వైరస్ గోల అణిగాక ఏఎఫ్‌పీ పెరగడానికి మిగిలే కారణాలు తక్కువ. అలాంటి మందే అయిన ఎంటెకావిర్ వాడుతున్న రోగులను గమనించిన హాంకాంగ్ వైద్యులు 2014లో ఇదే చూపించారు. 20 దగ్గర గీత గీస్తే క్యాన్సర్లలో నూటికి నలభై కూడా చిక్కలేదు. 6 దగ్గర గీస్తే ఎనభై దాకా చిక్కాయి, అనవసరంగా పట్టుకున్నది ఆరోగ్యవంతుల్లో అయిదో వంతు. పాత పరీక్షే, మందు వచ్చాక కొత్త పదును పట్టింది. ఈ విషయం మన ల్యాబు రిపోర్టుల మీద ఎక్కడా కనిపించదు, అందరికీ ఒకటే గీత. రోగి చేతిలో వరుసగా నాలుగు రిపోర్టులు ఉంటే ఒక్క అంకె చెప్పలేనిది చెప్తాయి. అందుకే పాత కాగితాలు పారేయొద్దని డాక్టర్లు పోరుపెట్టేది.

పట్టుకోవడం వేరు, బతికించడం వేరు. ఈ రెంటికీ ఉన్న తేడా అర్థం కావాలంటే చైనాలో జరిగిన రెండు ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చదవాలి.

యాంగ్జీ నది సముద్రంలో కలిసేచోట కిడాంగ్ అనే ప్రాంతం ఉంది. లివర్ క్యాన్సర్‌కు పేరుమోసిన చోటు. అక్కడ వైరస్ ఉన్న 5,581 మంది మగవారిని, 30 నుంచి 69 ఏళ్లవారిని, రెండు గుంపులు చేసి ఒక గుంపుకు ఆరు నెలలకోసారి ఏఎఫ్‌పీ చేశారు. 1989లో మొదలై 1995 దాకా సాగింది. పరీక్ష చేసిన గుంపులో క్యాన్సర్లు ముందు దశలోనే బయటపడ్డాయి. తీరా చావుల లెక్క తీస్తే, ఏడాదికి లక్షమందికి ఒక గుంపులో 1,138, ఇంకో గుంపులో 1,114. తేడా లేదు. ఏఎఫ్‌పీ ఒక్కదాన్నే నమ్ముకున్నారు. దొరికిన వాటికి సరైన చికిత్స అందరికీ అందలేదు. కాస్త ముందుగా తెలిసిన దుర్వార్త తప్ప ఆ మనుషులకు మిగిలిందేమీ లేదు.

అక్కడికి దగ్గరలోనే షాంఘైలో 35 నుంచి 59 ఏళ్ల మధ్యవారు 18,816 మందితో ఇంకో ప్రయోగం జరిగింది. ఇక్కడ ఏఎఫ్‌పీతోపాటు స్కానింగ్ కూడా ఆరు నెలలకోసారి. పిలిచినప్పుడు వచ్చినవారు 60 శాతంలోపే. అయినా పరీక్షల గుంపులో 32 మంది లివర్ క్యాన్సర్‌తో చనిపోతే రెండో గుంపులో 54 మంది పోయారు. అంటే చావులు 37 శాతం తగ్గాయి. 2004లో వచ్చిన ఈ ఫలితమే నేటికీ ప్రపంచవ్యాప్త మార్గదర్శకాలకు పునాదిరాయి. ఆ రాయికి బీటలున్నాయి. మనుషులను ఫ్యాక్టరీలవారీగా, సంస్థలవారీగా విడదీసి, లెక్కలో మాత్రం విడివిడి మనుషులుగా చూశారని విమర్శ ఉంది. అయినా షాంఘైలో గడ్డ దొరికినవారికి సర్జన్ అందుబాటులో ఉన్నాడు. కిడాంగ్‌కూ షాంఘైకీ ఉన్న అసలు తేడా అదేనని నా అభిప్రాయం. కొత్త బయోమార్కర్ (జబ్బు ఆనవాలు) గురించి ఎవరు చెప్పినా నేను ముందు ఈ రెండు ఊళ్లనూ గుర్తు చేసుకుంటాను.

ఇక ఏఎఫ్‌పీ తర్వాత వచ్చినవాటి సంగతి. ఏఎఫ్‌పీ అణువుకు ఒక చక్కెర గొలుసు అతుక్కుని ఉంటుంది. క్యాన్సర్ కణం తయారుచేసిన అణువులో ఆ గొలుసుకు ఫ్యూకోజ్ అనే చక్కెర అదనంగా చేరుతుంది. దాన్ని గుర్తుపట్టే పదార్థం దొరికింది ఎక్కడో కాదు, మన వంటింట్లోని మసూర్ పప్పులో. ఆ పప్పు గింజల్లోంచి తీసిన లెక్టిన్ అనే ప్రొటీన్ ఫ్యూకోజ్ ఉన్న ఏఎఫ్‌పీని పట్టుకుని వదలదు. అలా పట్టుబడిన భాగాన్ని ఎల్‌3 అంటారు. మొత్తం ఏఎఫ్‌పీలో అది 10 శాతం దాటితే క్యాన్సర్ అనుమానం బలపడుతుంది. వాపు వల్ల పెరిగిన ఏఎఫ్‌పీనీ క్యాన్సర్ ఏఎఫ్‌పీనీ విడదీయడానికి పనికొస్తుంది కాబట్టి హెపటైటిస్‌-బి రోగికి ఇది సరిగ్గా సరిపోయే ఆలోచన. తీరా చూస్తే చిన్న గడ్డల్లో ఎల్‌3 పెరగడమే అరుదు. పెరిగితే నమ్మవచ్చు, పెరగకపోతే ఏమీ చెప్పలేం.

రెండోది పివ్కా-2. రక్తం గడ్డకట్టడానికి లివర్ తయారుచేసే ప్రోథ్రాంబిన్‌కు విటమిన్‌-కె సాయంతో చివరి మెరుగు పడాలి. క్యాన్సర్ కణాల్లో ఆ మెరుగు పడకుండానే సగం తయారైన సరుకు బయటికొస్తుంది. దాన్ని 1984లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో లీబ్మన్ బృందం వర్ణించింది. ఏఎఫ్‌పీకీ దీనికీ పొత్తు లేదు. ఏఎఫ్‌పీ వదలని గడ్డ దీన్ని వదలవచ్చు, దాన్ని వదిలేది దీన్ని వదలకపోవచ్చు. అందుకే జపాన్‌లో ఏఎఫ్‌పీ, ఎల్‌3, పివ్కా-2 మూడూ కలిపి చేస్తారు. సిర్రోసిస్ ఉన్నవారికి మూడు నాలుగు నెలలకోసారి స్కానింగ్‌తో కలిపి చేస్తారు. అయితే గుండె కవాటం మార్చుకుని వార్ఫరిన్ వేసుకునే మనిషిలో, విటమిన్‌-కె తగ్గిన మనిషిలో, పిత్తనాళం మూసుకుపోయిన మనిషిలో కూడా ఇది పెరుగుతుంది. ఆ సంగతి అడక్కుండా పివ్కా-2 రాయడం అనవసరమైన సీటీ స్కాన్లకు దారి.

ఈ మూడు పరీక్షలకూ వయసును, ఆడా మగా అన్నదాన్ని కలిపి 2014లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఫిలిప్ జాన్సన్ బృందం ‘గలాడ్’ అనే లెక్క తయారుచేసింది. ఇప్పుడు అందరి నోటా నానుతున్నది ఇదే. దీని లోపలికి ఒకసారి తొంగిచూడటం మంచిది. ఈ సూత్రంలో వయసు ప్రతి ఏడాదికీ 0.09 మార్కు. మగవాడైతే 1.67. ఏఎఫ్‌పీ పదింతలు పెరిగితే 2.34. మొత్తం మైనస్ 0.63 దాటితే అనుమానించాలి. అంటే వయసులో పాతికేళ్ల తేడా, ఏఎఫ్‌పీ పదింతలు కావడం, రెండూ ఈ సూత్రం కంటికి ఇంచుమించు ఒకటే. ముసలితనంలో సిర్రోసిస్ మీద క్యాన్సర్ వచ్చే యూరప్ రోగులకు ఈ బరువులు నప్పుతాయి. పుట్టినప్పుడే తల్లి నుంచి వైరస్ సోకి, ముప్పై అయిదేళ్లకే సిర్రోసిస్ లేకుండానే క్యాన్సర్ తెచ్చుకునే హెపటైటిస్‌-బి రోగికి ఇదే సూత్రం మార్కులు తగ్గించి వేస్తుంది. అతని ఏఎఫ్‌పీ ఇంకా ఎంతో పెరిగితే తప్ప గంట మోగదు. చైనావాళ్లు తమ రోగుల మీద వేరే బరువులతో ‘ఏశాప్’ అనే లెక్క కట్టుకోవడానికి కారణం ఇలాంటి తేడాలే. అందులో ఎల్‌3 లేదు, వయసు, లింగం, ఏఎఫ్‌పీ, పివ్కా-2 చాలు. ఎక్కడో పుట్టిన సూత్రాన్ని మన ల్యాబులు రిపోర్టు మీద అచ్చేసి అమ్మేముందు, మన రోగుల మీద దాన్ని ఎవరైనా సరిచూశారా అని అడగడం తప్పు కాదు.

హెపటైటిస్‌-బి మిగతా లివర్ జబ్బుల్లాంటిది కాదన్న సంగతి ఇక్కడ గట్టిగా పట్టుకోవాలి. ఈ వైరస్ తన డీఎన్ఏ ముక్కలను మన లివర్ కణం డీఎన్ఏలోకి దూర్చేస్తుంది. అవి కణాన్ని ఎప్పటికీ చావనివ్వని టెర్ట్ లాంటి జన్యువుల పక్కన పడితే క్యాన్సర్‌కు సిర్రోసిస్ దాకా ఆగాల్సిన పని ఉండదు. దానికి బూజు విషం తోడైతే మరీ ప్రమాదం. వేరుశనగ, మొక్కజొన్నలకు పట్టే బూజు వదిలే అఫ్లాటాక్సిన్ పీ53 జన్యువులో 249వ చోట ఒక ప్రత్యేకమైన మచ్చ వేస్తుంది. షాంఘైలో 1994లో వచ్చిన లెక్క ప్రకారం అఫ్లాటాక్సిన్ ఒక్కటే ఉంటే ముప్పు మూడు రెట్లకు పైగా, వైరస్ ఒక్కటే ఉంటే ఏడు రెట్లు, రెండూ ఉంటే 59 రెట్లు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వేరుశనగలో ఈ విషం తగ్గించడం మీద ఏళ్లుగా పనిచేస్తోంది. ఆ పని లివర్ క్యాన్సర్ నివారణ కిందికీ వస్తుందని మనం ఎప్పుడూ అనుకోం.

క్యాన్సర్ కణాలు చచ్చినప్పుడు ఈ మచ్చలున్న డీఎన్ఏ ముక్కలు రక్తంలో తేలుతాయి. గత పదేళ్ల హడావుడంతా వీటిని వెతకడం గురించే. ఇందులో నాకు నచ్చిన అధ్యయనం చైనాలో 2019లో వచ్చింది. హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అయి, స్కానింగూ ఏఎఫ్‌పీ రెండూ బాగున్న 331 మందిని తీసుకున్నారు. మామూలు లెక్కలో వీళ్లకు ‘ఆరు నెలల తర్వాత రండి’ అని చెప్పి పంపేయాలి. వీళ్ల రక్తంలో పీ53, టెర్ట్ లాంటి జన్యువుల మచ్చలను, వైరస్ డీఎన్ఏ మన డీఎన్ఏతో అతుక్కున్న కీళ్లను వెతికి, ఏఎఫ్‌పీ, పివ్కా-2 లతో కలిపి చూస్తే 24 మంది పాజిటివ్ అయ్యారు. ఆరు నుంచి ఎనిమిది నెలలు గమనిస్తే ఆ 24 మందిలో నలుగురికి క్యాన్సర్ బయటపడింది, నాలుగూ 3 సెంటీమీటర్ల లోపువే. మిగిలిన 307 మందిలో ఒక్కరికీ రాలేదు. నలుగురి మీద నిలబడ్డ ఫలితం కాబట్టి పొంగిపోకూడదు. కానీ జబ్బు ఉన్నవాళ్లను ఆసుపత్రి వార్డు నుంచీ లేనివాళ్లను ఇంకెక్కడినుంచో తెచ్చి పోల్చకుండా, నిజంగా ఎవరికి పరీక్ష అవసరమో వాళ్ల దగ్గరికే వెళ్లారు. ఈ రంగంలో అది అరుదు.

అరుదని ఎందుకంటున్నానంటే, బయోమార్కర్ పరిశోధన నూటికి తొంభైపాళ్లు ఇంకోలా సాగుతుంది. 500 మంది క్యాన్సర్ రోగులు, 500 మంది క్యాన్సర్ లేనివారు. పరీక్ష క్యాన్సర్లలో నూటికి 80 పడుతుంది, లేనివారిలో నూటికి 90 మందిని సరిగ్గా వదిలేస్తుంది అనుకుందాం. 400 సరైన పాజిటివ్‌లు, 50 తప్పుడువి. పత్రిక అచ్చేస్తుంది, కంపెనీ షేరు పెరుగుతుంది. అదే పరీక్షను వైరస్ ఉన్న 1,000 మంది మామూలు మనుషుల మీదికి తీసుకెళ్లండి. ఏడాదిలో వాళ్లలో అయిదుగురికి క్యాన్సర్ వస్తుందనుకుంటే పరీక్ష నలుగురిని పడుతుంది. తప్పుగా దాదాపు వందమందిని పడుతుంది. పాజిటివ్ అని విన్న ప్రతి పాతికమందిలో ఒక్కరికే జబ్బు. మిగతా 24 మందీ సీటీ స్కాన్లకు అప్పు చేస్తారు, రాత్రుళ్లు నిద్ర మానేస్తారు. పరీక్ష మారలేదు, జనం మారారు. మార్గరెట్ పెపె బృందం 2001లో బయోమార్కర్‌కు అయిదు మెట్లు గీసింది. ల్యాబులో కనిపించడం, రోగులనూ ఆరోగ్యవంతులనూ విడదీయడం, జబ్బు బయటపడక ముందు దాచిన రక్తంలో ముందే కనిపించడం, నిజమైన జనంలో వాడి చూడటం, చివరికి చావులు తగ్గించడం. లివర్ క్యాన్సర్ బయోమార్కర్లలో చాలావాటి ప్రయాణం రెండో మెట్టు మీదే ఆగింది. గ్లిపికాన్‌-3, ఆస్టియోపాంటిన్, జీపీ73, డీకేకే1, మైక్రో ఆర్ఎన్ఏల జట్లు, ఒక్కోటీ కొంతకాలం ఆశ పెట్టి వెనక్కు తగ్గినవే. అమెరికాలో 2022లో ఫలితాలు వెలువడిన రెండు మిథైలేషన్ పరీక్షలు (డీఎన్ఏ మీద అతుక్కున్న రసాయన గుర్తుల మార్పులు చూసేవి), తొలిదశ క్యాన్సర్లలో ఒకటి 82 శాతం, ఇంకొకటి 76 శాతం పట్టాయన్నవి, అవి కూడా ఈ మెట్టు మీద సాధించినవే.

డీఎన్ఏ పరీక్షలకు ఇంకో హద్దు ఉంది, అది డబ్బుతో దాటేది కాదు. పది మిల్లీలీటర్ల రక్తంలోంచి వచ్చే ప్లాస్మాలో తేలే డీఎన్ఏ ఎంతో కొలిస్తే, ఒక మనిషి జన్యుపటానికి కొన్ని వేల నకళ్లు మాత్రమే దొరుకుతాయి. సెంటీమీటరు గడ్డ వాటాగా అందులో పదివేలకు ఒక్కటే ఉంటే, ఆ గొట్టంలోకి మచ్చ ఉన్న ముక్క అసలు రానే రాకపోవచ్చు. లేనిదాన్ని ఏ యంత్రమూ చూపించలేదు. మిథైలేషన్ పరీక్షలు ఒకే మచ్చ కోసం కాక వందల చోట్ల మార్పులు వెతకడం, ముక్కల పొడవును కొలవడం ఈ ఇబ్బందిని కొంత దాటడానికే. కానీ వైరస్ విజృంభించినప్పుడు చచ్చే మామూలు లివర్ కణాలు కూడా రక్తంలోకి డీఎన్ఏను కుమ్మరిస్తాయి. ఏఎఫ్‌పీని వేధించిన గోలే ఇక్కడా వేషం మార్చుకుని వచ్చింది.

ముప్పు ఎవరికి ఎక్కువో చెప్పే రక్తపరీక్షలు వేరే ఉన్నాయి. అవి క్యాన్సర్‌ను పట్టవు, ఎవరిని వెంబడించాలో చెప్తాయి. తైవాన్‌లో 3,653 మందిని వెంబడించిన ‘రివీల్’ అధ్యయనం 2006లో ఫలితమిచ్చింది. మిల్లీలీటరుకు 300 కాపీలలోపు వైరస్ ఉన్నవారిలో 1.3 శాతానికి, పది లక్షలు దాటినవారిలో 14.9 శాతానికి క్యాన్సర్ వచ్చింది. వైరల్ లోడ్ పరీక్షను పట్టించుకోనివారికి ఈ ఒక్క వాక్యం చాలు. ఇక మందు మొదలుపెట్టినవారికి యూరప్‌లో కట్టిన ‘పేజ్‌-బి’ లెక్క ఉంది. వయసు, ఆడా మగా, ప్లేట్‌లెట్లు, ఈ మూడే. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ అంటే తెలియని ఇల్లు మనకు లేదు. లివర్ గట్టిపడి ప్లీహం ఉబ్బితే ఆ సంఖ్య చడీచప్పుడు లేకుండా పడిపోతుంది. పాతికకు పది మార్కులలోపు ఉన్నవారికి ముప్పు అతి తక్కువ. కొరియాలో దానికే అల్బుమిన్ కలిపి ఆసియా రోగులకు తగ్గట్టు సవరించారు. కొన్ని వందల రూపాయల సీబీపీ, అంటే ప్లేట్‌లెట్లను లెక్కించే మామూలు రక్తపరీక్ష, ఈ పని చేస్తుంటే దాన్ని చూడకుండా ఖరీదైన జన్యుపరీక్షలకు పరుగెత్తడం నాకు వింతగా తోస్తుంది.

ఇప్పుడు కళ్లు పెట్టి చూడాల్సింది అమెరికాలో మొదలైన ‘ట్రేసర్’ ప్రయోగాన్ని. 5,500 మందిలో సగానికి స్కానింగ్ పద్ధతి, సగానికి గలాడ్ రక్తపరీక్ష. సిర్రోసిస్ ఉన్నవారితోపాటు ముప్పు ఎక్కువున్న హెపటైటిస్‌-బి రోగులనూ చేర్చుకుంటున్నారు. గడ్డలు ఎన్ని దొరికాయన్నది కాక, ముదిరిన దశలో ఎన్ని తగ్గాయన్నది అక్కడ తేలాల్సిన విషయం. దాని జవాబు వచ్చేదాకా, వైరస్ ఉన్న నలభై దాటిన మగవారు, యాభై దాటిన ఆడవారు, ఇంట్లో ఎవరికైనా లివర్ క్యాన్సర్ వచ్చినవారు, సిర్రోసిస్ ఉన్న ఏ వయసువారైనా ఆరు నెలలకోసారి స్కానింగ్, ఏఎఫ్‌పీ చేయించుకోవడమే ఉన్న దారి.

ఇక వైరస్ సోకకుండా ఆపేది టీకా. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయ హెపటైటిస్‌-బి టీకా తెచ్చింది. ప్రభుత్వ టీకాల కార్యక్రమం ఈ టీకాను దేశమంతటికీ విస్తరించింది 2011 తర్వాత. 1984లోనే పిల్లలకు టీకా మొదలుపెట్టిన తైవాన్‌లో ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో లివర్ క్యాన్సర్ సగానికి పడిపోయింది. మన పిల్లలకూ ఆ మేలు అందుతుంది. కానీ ఇప్పుడు ముప్పై, నలభై దాటినవారు టీకా లేకుండా పెరిగిన తరం. రాబోయే ముప్పై ఏళ్ల లివర్ క్యాన్సర్లు వీళ్లలోంచే వస్తాయి.

ఈ తరం గురించి మనకు సొంత లెక్కలు కావాలి, వాటికి దారి కూడా ఉంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో టెనోఫోవిర్ ఉచితంగా ఇస్తున్నారు. మందుకోసం వచ్చినవారి దగ్గర ఏఎల్‌టీకీ వైరల్ లోడ్‌కూ ఎలాగూ రక్తం తీస్తారు. వారి అనుమతితో ఇంకో గొట్టం తీసి దాచిపెడితే, అయిదారేళ్లలో వాళ్లలో క్యాన్సర్ వచ్చినవారి పాత రక్తాన్ని బయటికి తీసి పెపె చెప్పిన మూడో మెట్టు పరీక్ష ఇక్కడే చేయవచ్చు. ఏఎఫ్‌పీకి మన గీత ఎంతో, పివ్కా-2 మన రోగుల్లో ఎన్ని నెలల ముందు కదులుతుందో, గలాడ్‌లో వయసుకు ఎంత బరువివ్వాలో అప్పుడు తెలుస్తుంది. దానికి కావలసిన సరంజామా పెద్దదేమీ కాదు. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు, కరెంటు పోతే నడిచే జనరేటరు, ఆ గొట్టం ఎవరిదో పదేళ్ల తర్వాత కూడా చెప్పగలిగే రిజిస్టరు.